పోలమ్మ పాడిన క్యాసెట్టు

అవనిగడ్డ నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో కాలవ గట్టు దిగితే వచ్చేది మా ఊరు తుమ్మలదిబ్బ. ఆ చుట్టుపక్కల ఎవరికి మైకు కావాలన్నా ఏసుపాదాన్నే పిలిచేవాళ్లు. పెళ్లి పందిరికీ, వినాయకుడి పందిరికీ, చర్చిలో ఉజ్జీవ కూటాలకీ, పంచాయతీ దండోరాకీ అదే మైకు సెట్టు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, చిన్న వైరు ముక్క ఉండేవి. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు తల కాస్త పక్కకి వంచి వినేవాడు. ఎదుటివాడి మాట కంటే గొంతునే ఎక్కువ వింటున్నట్టు ఉండేది.

తల్లిదండ్రులు పొలం పనులకి వెళ్లేవాళ్లు. మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివించి, ఆపైన బందరులో ఒక రేడియో రిపేరు షాపులో పనికి కుదిర్చారు. అక్కడే సోల్డరింగు నేర్చుకున్నాడు. పాత ఆంప్లిఫయర్ ఒకటి విప్పి, మళ్లీ బిగించి, సొంతం చేసుకున్నాడు. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చినప్పుడు బందరులోనే ఉన్నాడు. నీళ్లు తగ్గాక ఊరికి వచ్చి చూస్తే ఇల్లు లేదు కానీ అమ్మా నాన్నా బతికే ఉన్నారు. మా ఇంటి మీద దేవుడు దయ చూపించాడు అనేవాడు. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించేవాడు, పక్కవాళ్ల ఇళ్లలో ఆ దయ కలగలేదు గనక.

తొంభై రెండులో మా ఊరి శాఖా గ్రంథాలయానికి రాజకుమారి గారు లైబ్రేరియన్‌గా వచ్చారు. గుడివాడ వైపు మనిషి. పెంకుల కప్పు, రెండు పొడుగు బల్లలు, నాలుగు బీరువాలు, ముందు సిమెంటు అరుగు, దాని ముందు కాస్త ఖాళీ జాగా, అంతే మా గ్రంథాలయం. ఉదయం పేపరు కోసం నాలాంటి వాళ్లం పదిమందిమి వెళ్లేవాళ్లం. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరూ ఉండేవాళ్లు కాదు. రాజకుమారి గారికి అది నచ్చలేదు. ఊళ్లో సగంమంది చదవలేరు, చదవలేని వాళ్లకి గ్రంథాలయం ఎందుకు పనికిరాకూడదు అన్నారు. నెలకొక శనివారం సాయంత్రం సభ పెట్టడం మొదలుపెట్టారు.

మొదటి సభకే ఏసుపాదాన్ని పిలిచారు. ఆయన వచ్చి, మైకు అరుగు మీద పెట్టి, ఒక హారను కాలవ గట్టు వైపు తిప్పి కట్టాడు. లోపలికి రావడానికి మొహమాటపడేవాళ్లు గట్టు మీద కూర్చునైనా వింటారు కదా అన్నాడు. ఆ మాటతో రాజకుమారి గారికి ఆయన మీద గురి కుదిరింది. అద్దె సంగతి ఆవిడా అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

ఆ నాలుగేళ్లూ మా ఊరికి పండగే. కంటి డాక్టరు వచ్చి శుక్లాల గురించి చెప్పాడు. వ్యవసాయాధికారి దోమపోటు గురించి చెబితే రైతులు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఆయన్ని వదల్లేదు. బందరు నుంచి రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన వచ్చి వయొలిన్ వాయించాడు. ఆ సాయంత్రం కాలవ గట్టు మీద ఉన్న గేదెలు కూడా కదల్లేదని చాలా రోజులు చెప్పుకున్నాం. బుర్రకథలు జరిగాయి. క్రిస్మస్ ముందు చర్చి పిల్లల పాటలు, వేసవిలో క్విజ్ పోటీలు. ఏ సభలోనూ ఏసుపాదం మైకు కూత పెట్టలేదు. వేదిక పక్కన ఒక స్టూలు వేసుకుని, ఆంప్లిఫయర్ మీద శబ్దాన్ని కొలిచే ముల్లు ఆడుతుంటే దాని వంకే చూస్తూ, ఒక చెయ్యి నాబ్ మీద ఉంచేవాడు. ఆయన అదృష్టం, దురదృష్టం రెండూ ఆ స్టూలు మీదే మొదలయ్యాయని తర్వాత అనిపించింది నాకు.

సభలన్నీ రికార్డు చేద్దామని రాజకుమారి గారే అన్నారు. రాలేనివాళ్లు తర్వాత వచ్చి వినొచ్చు, పెద్దవాళ్ల మాటలు ఊరికే గాలికి పోకుండా ఉంటాయి అన్నారు. ఏసుపాదం తన టేపు రికార్డరుని ఆంప్లిఫయర్‌కి తగిలించాడు. క్యాసెట్లు ఆయన ఇంట్లోనే అల్మైరాలో వరసగా నిలబెట్టేవాడు. ఒక్కోదాని మీదా మాట్లాడినవాళ్ల పేరు, తేదీ గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. ప్రొఫెసరు గారు, డాక్టరు గారు, చైర్మన్ గారు. చదువుకోలేకపోయానన్న బాధ ఆయనకి లోపల ఉండేది. ఆ అల్మైరా చూసుకుంటే అది కాస్త తగ్గేదని భార్య ఎస్తేరు చెప్పేది.

ప్రతి నవంబరులోనూ గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. ఉప్పెన వచ్చిన పంతొమ్మిదో తారీఖు ఆ వారంలోనే పడుతుంది. కనక ఆ రోజు సాయంత్రం ఉప్పెన సంస్మరణ సభ జరిపేవాళ్లు. నాయకులు వచ్చేవాళ్లు, దండలు పడేవి, ఉప్పెన గురించి అది చూడనివాళ్లు చాలాసేపు మాట్లాడేవాళ్లు. తొంభై నాలుగులో మాత్రం సరిగ్గా అప్పుడే ఎన్నికలు వచ్చాయి. నాయకులంతా ప్రచారంలో ఉన్నారు. అధికారులకి తీరిక లేదు. ముఖ్య అతిథి దొరకలేదు. సభ మానేద్దామని కొందరన్నారు. రాజకుమారి గారు ఒక రోజు ఆలోచించి, ఈసారి అతిథులు వద్దు, ఉప్పెన చూసినవాళ్లే మాట్లాడతారు అన్నారు.

అలా పోలమ్మ మైకు ముందుకి వచ్చింది.

పోలమ్మది పాలకాయతిప్ప దగ్గరి పల్లెపాలెం. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని వారం వారం మా ఊరు వచ్చేది. అమ్మకం అయ్యాక గ్రంథాలయం అరుగు మీద కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లేది. ఉప్పెనలో అత్తని, ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. తర్వాత పుట్టిన సునీత ఒక్కతే కూతురు. ఆ సాయంత్రం సునీత రాలేదు, ఇంటి దగ్గర ఎండబెట్టిన చేపలకి కాపలా ఉంది.

సభలో ముందు ఇద్దరు ముగ్గురు మగవాళ్లు మాట్లాడారు. తర్వాత పోలమ్మని పిలిచారు. మనిషి పొట్టి. ఏసుపాదం లేచి మైకు స్టాండు దించాడు. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "నాకు మాట్టాడ్డం రాదండి. మావోళ్లని పిలుస్తాను," అంది.

పిలిచింది. వల లాగేటప్పుడు పాడుకునే వరసలో, పల్లెపాలెం దక్షిణపు కొస నుంచి మొదలుపెట్టి ఇల్లిల్లూ పిలుచుకుంటూ వచ్చింది. ఆ ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెబుతూ, ప్రతి పేరు చివరా ఒకే మాట. లేవయ్యా నాగూరూ, పోటు దిగిపోయింది. లేవమ్మా లంకమ్మా, పోటు దిగిపోయింది. ముసలివాళ్లని అండీ అని, పిల్లల్ని నాన్నా అని లేపింది. నిద్ర లేపుతున్నట్టే ఉంది గానీ ఏడుస్తున్నట్టు లేదు. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి కూడా గొంతు మారలేదు. అత్తని పిలిచి, ఇద్దరు పిల్లల్ని పిలిచి, పక్కింటికి వెళ్లిపోయింది. ఎంతసేపు పాడిందో నేను చెప్పలేను. అయిపోయాక చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు.

మైకు దగ్గర నుంచి దిగుతూ ఏసుపాదం ముందు ఆగింది. తిరుగుతున్న టేపు వంక చూసి, "నా పాట ఇందులో పడిందా బాబూ?" అని అడిగింది.

"పడింది పోలమ్మా. ఇక ఎక్కడికీ పోదు," అన్నాడు ఏసుపాదం.

ఆవిడ తల ఊపి, తట్ట తీసుకుని, బస్సు వేళ అయిందని వెళ్లిపోయింది. ఆ పాట కాపీ ఒకటి తనకి కావాలని రాజకుమారి గారు అదే రోజు అడిగారు. ఎన్నికలు అయిపోనివ్వండి మేడం, తీరిగ్గా తీసిస్తాను అన్నాడు.

ఎన్నికలంటే మైకువాళ్లకి తిండి తినే తీరిక ఉండదు. జీపుల మీద హారన్లు కట్టాలి, బ్యాటరీలు ఛార్జి చెయ్యాలి, ప్రచారపు మాటలు రికార్డు చేసి ఇవ్వాలి. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఒక పార్టీ మనిషి పరుగున వచ్చి, ఉన్న క్యాసెట్టు జీపులో నలిగిపోయిందని, గంటలో కొత్తది కావాలని కూర్చున్నాడు. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. అవనిగడ్డ వెళ్లి తెచ్చే సమయమూ లేదు. ఏసుపాదం అల్మైరా తెరిచాడు. ప్రొఫెసరు గారి క్యాసెట్టు మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. డాక్టరు గారిని తియ్యబుద్ధి కాలేదు. చైర్మన్ గారిది తీస్తే ఏమైనా అనుకుంటారేమో అనిపించింది. కొసన ఉన్న క్యాసెట్టు మీద పేరేమీ లేదు. ఆ రోజు మాట్లాడినవాళ్లలో ఎవరి పేరు రాయాలో తెలియక, తేదీ వేసి, "జనం" అని రాసి పెట్టాడు. అది తీశాడు.

అప్పుడు ఆయనకి పోలమ్మ గుర్తు రాలేదని కాదు. గుర్తొచ్చింది. ఆవిడ ప్రతివారం ఊళ్లోకి వచ్చే మనిషే కదా, ఎన్నికలయ్యాక ఒకరోజు కూర్చోబెట్టి మళ్లీ పాడించి పట్టుకుందాం అనుకున్నాడు. అనుకుని, రెండు బటన్లు కలిపి నొక్కి, మహాశయులారా అని మొదలుపెట్టాడు.

ఎన్నికలయ్యాయి. ఆ తర్వాత పెళ్లిళ్లు వచ్చాయి. పోలమ్మ తట్టతో వెళుతూ వీధిలోంచే, నా పాట జాగ్రత్తగా ఉందా అని అడిగేది. ఏసుపాదం ఉంది ఉంది అనేవాడు. మొదట్లో, వచ్చే వారం పాడించాలి అనుకుంటూ అనేవాడు. కొన్నాళ్లకి అది పలకరింపు లాగా అయిపోయింది. తొంభై ఆరులో రాజకుమారి గారికి గుడివాడ వైపు బదిలీ అయింది. వెళ్లే హడావుడిలో కాపీ సంగతి ఆవిడా మర్చిపోయారు. తర్వాత వచ్చినాయన పుస్తకాలు లెక్క చూసుకుని, సాయంత్రం తాళం వేసుకుని వెళ్లేవాడు. సభలు ఆగిపోయాయి. ఆగిపోయాయని ఎవరూ అడగలేదు, అప్పటికి ఇళ్లల్లో టీవీలు వచ్చేశాయి. తొంభై ఎనిమిది వానల్లో పోలమ్మ కామెర్లతో పోయింది.

మరుసటి వేసవిలో సునీత వచ్చింది. పెళ్లయి చిలకలపూడిలో ఉంటోంది. రోల్డ్‌గోల్డు నగల పనిలో రాళ్లు పొదుగుతుంది. మా అమ్మ పాట మీ దగ్గర ఉందట, ఒకసారి వినిపిస్తారా బాబాయ్ అని అడిగింది. ఏసుపాదం ఆ పిల్లని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. క్యాసెట్లు చాలా ఉన్నాయి, వెతికి పెడతాను, మళ్లీ రామ్మా అన్నాడు.

ఆ పిల్ల బస్సెక్కాక అల్మైరా ముందు కూర్చుని ఆ క్యాసెట్టు తీశాడు. ఎన్నికల తర్వాత ఆ పార్టీ మనిషి తెచ్చి ఇచ్చేస్తే మళ్లీ అక్కడే పెట్టాడు. ఒక వైపు మొత్తం తన గొంతే. మీ అమూల్యమైన ఓటు అని పదిసార్లు, వందసార్లు. రెండో వైపు తిప్పాడు. అక్కడ సభ చివర ఉంది. రాజకుమారి గారి వందన సమర్పణ. ఇప్పుడు పాడిన పోలమ్మ గారికి మన అందరి తరఫునా అని ఆవిడ అంటున్నారు. బెంచీలు జరిపిన చప్పుడు. అంతే.

నిజం చెప్పెయ్యాలనే అనుకున్నాడు. కానీ సునీత రెండోసారి వచ్చినప్పుడు చేతిలో ఒక కొత్త క్యాసెట్టు ఉంది. కాగితం కూడా విప్పలేదు. కాపీ తియ్యడానికి మీకు ఇబ్బంది లేకుండా నేనే తెచ్చాను అంది. దాన్ని చూశాక ఆయన, ఇంకా వెతుకుతున్నానమ్మా అని ఆ కొత్త క్యాసెట్టు తీసుకుని లోపల పెట్టాడు. మూడోసారి వచ్చినప్పుడు ఇంట్లో ఉండి కూడా లేడనిపించాడు. ఎస్తేరు గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పింది. చెప్పి లోపలికి వచ్చి, ఆయన ముందు నిలబడింది.

"ఆ పిల్లని ఇంకా ఎన్నిసార్లు బస్సెక్కిస్తారు? తల్లి లేని పిల్లండీ. లేదని చెబితే ఒకసారి ఏడుస్తుంది. ఇలా అయితే వచ్చిన ప్రతిసారీ ఏడుస్తుంది."

ఆ ఆదివారం ఆరాధనకి వెళ్లకుండా ఏసుపాదం బందరు బస్సెక్కాడు. ఆయన ఆరాధన మానడం అదే మొదటిసారి అని ఎస్తేరు చెప్పింది. చిలకలపూడిలో సునీత ఇల్లు పట్టుకునేసరికి ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని గాజులకి రాళ్లు అతికిస్తోంది. ఆయన్ని చూడగానే మొహం విప్పారింది. దొరికిందా బాబాయ్ అంటూ లేచింది. ఆయన నిలబడే చెప్పాడు. ఎలా చెరిపాడో, ఎందుకు చెరిపాడో, ఆ తర్వాత ఎన్ని అబద్ధాలు చెప్పాడో ఏదీ దాచలేదు. టేపు రికార్డరు సంచిలోంచి తీసి రెండో వైపు వినిపించాడు. పోలమ్మ గారికి అన్న మాట వచ్చినప్పుడు సునీత టేపు దగ్గరికి వంగింది. బెంచీల చప్పుడు అయిపోయాక ఇంకేమైనా వస్తుందేమోనని టేపు చివరిదాకా విన్నది.

అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. నెమ్మదిగా అంది.

"ఆ రోజు తర్వాత అమ్మ ఆ పాట మళ్లీ పాడలేదు బాబాయ్. నేనెన్నిసార్లు అడిగినా పాడలేదు. పెట్టెలో పడిందిగా, ఇంక నేను మొయ్యక్కర్లేదు అంది."

ఏసుపాదం ఆ గుమ్మంలోనే కూర్చున్నాడు. సునీతే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, పోనీ మీరు అక్కడే ఉన్నారు కదా, మీకేమైనా గుర్తుందా అని అడిగింది. ఆయనకి పోటు దిగిపోయింది అన్న మాట ఒక్కటే గుర్తుంది. పాట నడుస్తున్నంతసేపూ ఆయన ముల్లునే చూశాడు. ఆవిడ గొంతు ఎక్కడ పైకి లేచిందో, ఎక్కడ నాబ్ తగ్గించాల్సి వచ్చిందో చెప్పగలడు. ఏ పేరు దగ్గర అన్నది చెప్పలేడు.

తర్వాత ఆయన ఒక పని పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం సభకి వచ్చినవాళ్లందరినీ అడుగుతూ తిరిగాడు. నన్నూ అడిగాడు. నాకు నాగూరు, లంకమ్మ అనే రెండు పేర్లు తప్ప ఏమీ గుర్తు లేవు. ఎంతోమందికి అవి కూడా లేవు. గుడివాడ వెళ్లి రాజకుమారి గారిని అడిగాడు. ఆవిడకీ గుర్తు లేవట. ఆ రోజు నేను కాగితం మీదైనా రాసుకోవాల్సింది, టేపు ఉంది కదా అని చేతులు కట్టుకుని కూర్చున్నాను అన్నారట.

సునీత ఇచ్చిన కొత్త క్యాసెట్టు టేపు రికార్డరులో వేసుకుని పల్లెపాలెం వెళ్లాడు. సునీత కూడా వచ్చింది. ఇద్దరూ కలిసి ముసలివాళ్ల దగ్గర కూర్చున్నారు. పాట మొత్తం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అది పోలమ్మ సొంతంగా కట్టుకున్నది, ఒంటరిగా ఇసకలో నడిచి వెళ్లేటప్పుడు పాడుకునేది అన్నారు. కానీ వరస అందరికీ తెలుసు, వల లాగే వరసే కదా. ఒక్కొక్కరూ వాళ్ల ఇంట్లో పోయినవాళ్ల పేర్లు చెప్పారు. ఒకావిడ పాడుతూ పాడుతూ మధ్యలో ఆపి లోపలికి వెళ్లిపోయింది. అలా ఇల్లిల్లూ కూడింది. ఏసుపాదం ముఖంలో కాస్త కళ వచ్చిందట ఆ రోజుల్లో. పాట తిరిగి వచ్చేస్తుందని నమ్మాడు.

ఉత్తరపు కొసకి వచ్చేసరికి ఆగిపోయింది. అటువైపు ఇళ్లు మొత్తానికి మొత్తం కొట్టుకుపోయాయి. అక్కడ ఎవరున్నారని అడిగితే, ఒక ముసలాయన కుటుంబం ఉండేది, పక్కన కొత్తగా పెళ్లైన జంట ఉండేది, ఆ పక్కన చాలామంది పిల్లలుండేవాళ్లు అంటారు. పేర్లు రావు. మిగిలినవాళ్లు ఎవరి ఇంటివాళ్లని వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. ఎవ్వరూ మిగలని ఇళ్లవాళ్లని పోలమ్మ ఒక్కతే గుర్తుపెట్టుకుంది. ఆ సంగతి ఆ మధ్యాహ్నం ఏసుపాదానికి అర్థమైంది. సునీతకి అంతకుముందే అర్థమైనట్టుంది, ఆ ఇసక దిబ్బల వైపు తిరిగి నిలబడింది. ఇద్దరూ సాయంత్రం బస్సెక్కారు.

ఏసుపాదం ఇంటికి వచ్చి ఆ కొత్త క్యాసెట్టు వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచేశాడు. అవి విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. తర్వాత అల్మైరాలో ఉన్నవన్నీ తీసి ఒక్కొక్కదానికీ విరిచాడు. అప్పుడెందుకు ఈ పని చెయ్యలేదని ఎస్తేరు అడగలేదు. ఆయనే అన్నాడట, ఇంత చిన్న పనే అని.

ఆ ప్రొఫెసరు గారి క్యాసెట్టు కోసం, డాక్టరు గారి క్యాసెట్టు కోసం ఎవరైనా వచ్చారా అని నేనొకసారి అడిగాను. ఎవరూ రాలేదు. వాటి మీద సముద్రపు తేమ గాలికి తెల్లగా బూజు పట్టింది. మొత్తం మీద ఆ అల్మైరా వెతుక్కుంటూ వచ్చింది సునీత ఒక్కతే.

రెండువేల ఏడులో ఉప్పెనకి ముప్పై ఏళ్లయింది. రిటైరై గుడివాడలో ఉంటున్న రాజకుమారి గారు ఊరివాళ్లని కదిలించి, ఆ ఒక్కరోజుకి మా గ్రంథాలయంలో మళ్లీ సభ పెట్టించారు. ఏసుపాదం పెద్దవాడైపోయాడు, వైర్లు కట్టడానికి స్టూలు ఎక్కలేకపోయాడు, అయినా మైకు తనదే పెట్టాడు. నాయకులు మాట్లాడి వెళ్లాక సునీత పాడింది. దక్షిణపు కొస నుంచి మొదలుపెట్టి ఇల్లిల్లూ లేపుకుంటూ వచ్చింది. ఉత్తరపు ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి పేరు ఉండాల్సిన చోట ఊరుకుని, పోటు దిగిపోయింది అని మాత్రం అంది. మళ్లీ ఊరుకుంది. మళ్లీ అంది. జనం అది పాటలో భాగమే అనుకున్నారు. బాగుందన్నారు. ఏసుపాదం స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ముల్లు వంక చూడలేదు.

సభ అయ్యాక సునీత ఆయన దగ్గరికి వచ్చి, ఇంక బాధపడకండి బాబాయ్, అమ్మ ఉన్నా మిమ్మల్ని ఏమీ అనేది కాదు అంది.

"అనేది కాదమ్మా. అందుకే ఇంత బాధ," అన్నాడు ఆయన.

ఆ తర్వాత మైకు సెట్టు అమ్మేశాడు. కానీ పేర్లు అడగడం మానలేదు. ఉప్పెన తర్వాత పల్లెపాలెం వదిలి వెళ్లిపోయినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో కనుక్కుని, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడల్లా వెళ్లేవాడు. ఇంత వయసులో ఈ తిరుగుడేమిటని ఎస్తేరు అనేది, అని మళ్లీ తనే క్యారియర్ కట్టి ఇచ్చేది. చాలాచోట్ల ఒట్టి చేతులతోనే వచ్చాడు. కొందరు చనిపోయారు. కొందరికి మతిమరుపు. ఒకాయన, అవన్నీ ఇప్పుడెందుకు, వెళ్లిపొమ్మన్నాడు.

రెండువేల తొమ్మిదిలో బంటుమిల్లి దగ్గర చేపల చెరువు మీద కాపలా ఉంటున్న కొండలరావు అనే ముసలాయన దొరికాడు. ఉప్పెన దాకా పల్లెపాలెంలోనే ఉండేవాడట. ఉత్తరపు కొస అనగానే చాలాసేపు ఆలోచించాడు. అక్కడుండే ముసలాయన కుటుంబంలో ఎవరి పేర్లూ గుర్తు రాలేదు. పిల్లలెక్కువ ఉన్న ఇంట్లో మాత్రం ఒక ఆడపిల్ల ఉండేదని, ఆ పిల్లకి సినిమా చూసొచ్చి నీలవేణి అని పెట్టుకున్నారని, మన పాలెంలో ఇదేం పేరని అందరూ నవ్వేవాళ్లని చెప్పాడు. అందుకే గుర్తుంది అన్నాడు. మిగతా పిల్లల పేర్లు అడిగితే తల అడ్డంగా ఊపాడు.

ఏసుపాదం అక్కడి నుంచి ఇంటికి రాలేదు. నేరుగా చిలకలపూడి వెళ్లాడు. సునీత వంట చేస్తోంది. గుమ్మంలో నిలబడే, "నీలవేణి అమ్మా. ఆ పిల్లలున్న ఇంట్లో," అన్నాడు. సునీత చేతులు తుడుచుకుని వచ్చి, ఆ పేరు వరసలో పెట్టి ఒక్కసారి పాడి చూసింది. సరిపోయింది. ఇద్దరూ భోజనం చేశాక ఆయన్ని బస్సు దాకా దింపింది.

మరో రెండేళ్లు బతికాడు ఆయన. ఇంకో పేరు దొరకలేదు.